వార్మర్ల లెక్క సరే... రాత్రి విధుల్లో నర్సులెందరు?

జిల్లా ఆసుపత్రిలో ప్రసూతి విభాగం పక్కనే అద్దాల తలుపు. దానిపై చెప్పులు బయట విడవాలని, చేతులు కడుక్కోవాలని సూచనలు. వరండాలో తువ్వాళ్లు పరుచుకుని కూర్చున్న అమ్మమ్మలు, నానమ్మలు. లోపల వార్మర్ల వెచ్చదనంలో కిలో, కిలోన్నర బరువైనా తూగని పసికందులు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా బయటివారు అడిగేది ఒకటే... 'సిస్టరమ్మా, మా పాపకు ఎట్లుంది?' వారు అడుగుతున్నది వైద్యుణ్ని కాదు, నర్సును. నవజాత శిశు ప్రత్యేక చికిత్సా కేంద్రాల బలమూ, బలహీనతా ఆ పిలుపులోనే ఉన్నాయి.

కొత్త కేంద్రం ప్రారంభమైన ప్రతిసారీ వార్మర్లు ఎన్ని, ఫొటోథెరపీ యంత్రాలు ఎన్ని, ఎన్ని లక్షలు ఖర్చయ్యాయన్న లెక్కలు బయటకు వస్తాయి. శిలాఫలకంపై పేర్లు పడతాయి. ఆ వార్మర్ల పక్కన అర్ధరాత్రి రెండు గంటలకు ఎందరు నిలబడి ఉంటారన్న లెక్క మాత్రం ఎక్కడా కనిపించదు. పసికందు ప్రాణం ఆధారపడేది ఈ రెండో లెక్కపైనే.

పురూలియా నుంచి ప్రతి జిల్లాకూ...

పెద్ద నగరాలకే పరిమితమైన ఈ వైద్యం జిల్లాలకు చేరిన కథ పశ్చిమ బెంగాల్‌లోని వెనుకబడిన పురూలియా జిల్లాలో మొదలైంది. 2003లో అక్కడి జిల్లా ఆసుపత్రిలో నవజాత శిశువుల ప్రత్యేక కేంద్రాన్ని నెలకొల్పారు. యంత్రాలు సమకూరినా నర్సులు చాలలేదు. దాంతో స్థానిక యువతులకు శిక్షణ ఇచ్చి నర్సులకు తోడుగా నియమించారు. సమస్య యంత్రాలది కాదు, మనుషులదని తొలి కేంద్రమే చెప్పిందన్నమాట.

ఆ అనుభవం ఆధారంగా కేంద్ర ప్రభుత్వం 2011లో మార్గదర్శకాలు వెలువరించి మూడంచెల ఏర్పాటును నిర్దేశించింది. ప్రసవాలు జరిగే ప్రతి చోటా శిశు సంరక్షణ మూల, సామాజిక ఆరోగ్య కేంద్రాల స్థాయిలో శిశు స్థిరీకరణ కేంద్రం, జిల్లా ఆసుపత్రిలో కనీసం 12 పడకల ప్రత్యేక చికిత్సా కేంద్రం (ఎస్.ఎన్.సి.యు.) ఉండాలన్నది దాని సారాంశం. అదే ఏడాది ప్రారంభమైన జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద జబ్బుపడిన పసికందులకు ప్రభుత్వ ఆసుపత్రుల్లో చికిత్స, మందులు, రవాణా ఉచితమయ్యాయి.

ఫలితం లేకపోలేదు. దేశంలో ప్రతి వెయ్యి జననాలకు 28 రోజుల లోపు మరణించే శిశువుల సంఖ్య 2014లో 26 కాగా, 2021 నాటికి 19కి తగ్గినట్లు నమూనా నమోదు సర్వే తేల్చింది. 2014లో ప్రకటించిన జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకారం 2030 నాటికి ఈ సంఖ్య పదిలోపునకు దిగాలి. మిగిలిన దూరం తక్కువేమీ కాదు. భవనాలు, యంత్రాలతో సాధించగలిగినది చాలావరకు సాధించాక, ఇక మిగిలింది మనుషులతో సాధించవలసినదే.

మొదటి నిమిషం మంత్రసానిదే

శిశువు ప్రాణరక్షణ ప్రత్యేక కేంద్రంలో మొదలవుతుందనుకోవడం పొరపాటు. అది కాన్పు గదిలోనే మొదలవుతుంది. పుట్టిన ప్రతి పదిమందిలో సుమారు ఒకరికి ఊపిరి అందుకోవడానికి ఏదో ఒక సాయం కావాలి. అందుకు ఉన్న వ్యవధి ఒక్క నిమిషం. తడి తుడిచి, వీపు నిమిరి, అప్పటికీ ఏడవకపోతే బ్యాగు, మాస్కుతో గాలి అందించాలి. దీనికి వెంటిలేటరు అక్కర్లేదు, విద్యుత్తు కూడా అక్కర్లేదు. నేర్చిన చెయ్యి ఉంటే చాలు. ఆ చెయ్యి చాలాచోట్ల ఏ.ఎన్.ఎం.దో, స్టాఫ్ నర్సుదో అయి ఉంటుంది. ఈ పనిలో వారికి తర్ఫీదు ఇచ్చేందుకే 2009లో నవజాత శిశు సురక్ష కార్యక్రమం చేపట్టారు.

అంతకుముందే చేయగలిగింది మరొకటి ఉంది. నెలలు నిండకుండానే నొప్పులు మొదలైన గర్భిణికి డెక్సామెథసోన్ సూదిమందు ఇస్తే కడుపులోని బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా పక్వమవుతాయి. పెద్దాసుపత్రికి పంపే ముందు తొలి మోతాదును ఏ.ఎన్.ఎం. సైతం ఇవ్వవచ్చని కేంద్రం 2014లోనే అనుమతించింది. ఖరీదు స్వల్పం, ప్రయోజనం అపారం. ఉపకేంద్రంలో ఆ సూది పడిందా లేదా అన్నదాన్ని బట్టే, కొన్ని గంటల తరువాత జిల్లా కేంద్రంలో ఆ బిడ్డ ఊపిరి తీసే తీరు ఉంటుంది.

దారిలో చల్లబడితే...

ఉట్నూరు, పాడేరు, రంపచోడవరం వంటి ఏజెన్సీ ప్రాంతాల మారుమూల గూడేల నుంచి పెద్దాసుపత్రికి చేరడమంటే గంటల ప్రయాణం. ఈ గంటల్లో శిశువుకు దిక్కు 108 వాహనంలోని అత్యవసర సాంకేతిక సిబ్బందే. నవజాత శిశువు శరీర ఉష్ణోగ్రత 36.5 నుంచి 37.5 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. నెలలు నిండని బిడ్డకు చర్మం కింద కొవ్వు ఉండదు. కిటికీ గాలి తగిలినా ఒళ్లు చల్లబడుతుంది. చల్లబడిన బిడ్డకు రక్తంలో చక్కెర పడిపోతుంది, ఊపిరి తడబడుతుంది. ఇంత దూరం తెచ్చీ గుమ్మంలో చేజార్చుకున్నట్లవుతుంది.

దీనికి విరుగుడు కూడా ఖరీదైన యంత్రం కాదు. బిడ్డను తల్లి రొమ్ముల మధ్య చర్మానికి చర్మం తగిలేలా కట్టి, టోపీ తొడిగి, పైన దుప్పటి కప్పడమే. తల్లి కదలలేని స్థితిలో ఉంటే తండ్రి గానీ, అమ్మమ్మ గానీ ఆ పని చేయవచ్చు. ఇది చెప్పి చేయించవలసింది వాహనంలోని సిబ్బంది. బయలుదేరే ముందే జిల్లా కేంద్రానికి ఫోను చేసి బిడ్డ బరువు, పరిస్థితి చెబితే అక్కడ వార్మరు ముందే వేడెక్కి ఉంటుంది.

వైద్యుడి నిర్ణయం, నర్సు కాపలా

ప్రత్యేక కేంద్రంలో పిల్లల వైద్యుడిది నాయకత్వ స్థానం. వచ్చిన బిడ్డకు ఏమైందో తేల్చడం, ఆక్సిజన్ చాలా, సిపాప్ కావాలా అన్నది నిర్ణయించడం, యాంటీబయాటిక్ ఎప్పుడు మొదలుపెట్టాలో, అంతకన్నా ముఖ్యంగా ఎప్పుడు ఆపాలో చెప్పడం ఆయన బాధ్యత. ఇక్కడ కుదరదనిపిస్తే బోధనాసుపత్రికి పంపే నిర్ణయమూ ఆయనదే. పంపడంలో ఆలస్యమైనా ముప్పే, దారిలో తట్టుకోలేని బిడ్డను తొందరపడి పంపినా ముప్పే. బిడ్డ దక్కడం కష్టమని కన్నవారికి చెప్పవలసిన కఠినమైన బాధ్యత సైతం ఆయన మీదే పడుతుంది.

అయితే వైద్యుడు నిర్ణయించి తదుపరి పడక వద్దకు వెళతాడు. ఆ నిర్ణయాన్ని మిగిలిన గంటలన్నీ అమలు చేసేది నర్సు. ఒక్క ఉదాహరణ చాలు. 1,200 గ్రాముల శిశువుకు తొలిరోజు సాధారణంగా కిలోకు 80 మిల్లీలీటర్ల చొప్పున ద్రవాలు ఇస్తారు. అంటే 24 గంటల్లో 96 మిల్లీలీటర్లు... ఒక చిన్న టీ గ్లాసెడు. గంటకు 4 మిల్లీలీటర్లు. సిరంజి పంపులో ఒక్క అంకె తప్పుగా నొక్కితే 4 కాస్తా 40 అవుతుంది. పెద్దవారి సెలైనులో ఆ తేడా లెక్కలోకే రాదు, ఇక్కడ ప్రాణం మీదకు వస్తుంది.

ఆక్సిజన్ సంగతీ అంతే. తక్కువైతే మెదడు దెబ్బతింటుంది. ఎక్కువైతే నెలలు నిండని బిడ్డ కంటి రెటీనా పాడై చూపు పోవచ్చు. ఆక్సిజన్ అందుకుంటున్న ఇలాంటి శిశువు రక్తంలో ఆ శాతం 90 నుంచి 95 మధ్య ఉండేలా చూడాలి. యంత్రం ఆ అంకెను చూపగలదు, గంట మోగించగలదు. గంట విని వచ్చి, బిడ్డ నిజంగా ఊపిరి ఆపిందా, లేక కాలికి కట్టిన తీగ జారిందా అని చూసి, అరికాలిని తట్టి మళ్లీ ఊపిరి అందుకునేలా చేసేది మనిషే. నెలలు నిండని బిడ్డలు ఉన్నట్టుండి ఊపిరి తీయడం మరచిపోతారు. కంటికి రెప్పలా కాచుకోవడమన్న మాట ఇక్కడ అలంకారం కాదు, రోజువారీ విధి.

లెక్క వేస్తే తేలేది...

మార్గదర్శకాల ప్రకారం ప్రతి విడత విధుల్లోనూ మూడు, నాలుగు పడకలకు ఒక నర్సు ఉండాలి. 12 పడకల కేంద్రంలో కనీసం ముగ్గురు. మూడు విడతలకు తొమ్మండుగురు. వారాంతపు సెలవులు, ప్రసూతి సెలవులు, శిక్షణలు కలుపుకుంటే 12 మందికి తగ్గితే రోజు గడవదు. బ్రిటన్‌లో నవజాత శిశు వైద్యుల సంఘం ప్రమాణాల ప్రకారం విషమ స్థితిలోని బిడ్డకు ఒక నర్సు, ఆ తరువాతి స్థాయిలో ఇద్దరు బిడ్డలకు ఒకరు, కోలుకుంటున్న నలుగురికి ఒకరు ఉండాలి. అంటే అక్కడ చివరి స్థాయికి నిర్ణయించిన కొలత ఇక్కడ అందరికీ వర్తిస్తున్నదన్నమాట.

ఈ కొలత అయినా నిలవాలంటే పడకకు ఒక్క శిశువే ఉండాలి. ప్రభుత్వాసుపత్రి గుమ్మంలోకి వచ్చిన బిడ్డను కాదనే అధికారం ఎవరికీ లేదు, ఉండకూడదు కూడా. రద్దీ రోజుల్లో ఒకే వార్మరుపై ఇద్దరిని పడుకోబెట్టక తప్పదు. అప్పుడు నలుగురిని చూడవలసిన నర్సు ఎనిమిదిమందిని చూస్తుంది. కిలోన్నరకు లోపున్న బిడ్డలకు రెండు గంటలకోసారి గొట్టం ద్వారానో, పాలాడితోనో పాలు పట్టాలి. ఎనిమిది గంటల విధిలో ఒక్కో బిడ్డకు నాలుగుసార్లు, ఎనిమిదిమందికి 32 సార్లు. ఒక్కోసారికి పావుగంట పడుతుందనుకున్నా పాలు పట్టడానికే ఎనిమిది గంటలూ సరిపోతాయి. ఇక మందులెప్పుడు? ఉష్ణోగ్రత చూసేదెప్పుడు? గంట మోగితే పరుగెత్తేదెవరు?

అన్నిటికన్నా ముందు జారిపోయేది చేతులు కడగడం. ఒక బిడ్డను తాకి మరో బిడ్డను తాకే ముందు చేతులు శుభ్రం చేసుకోవాలన్నది ఈ కేంద్రాల తొలి పాఠం. ఆ పాఠం తెలియని నర్సు లేదు. ఎనిమిదిమంది ఒకేసారి ఏడుస్తుంటే దానికి సమయం చిక్కని నర్సులే ఉన్నారు. అక్కడి నుంచే ఇన్‌ఫెక్షన్ ఒక పడక నుంచి మరో పడకకు పాకుతుంది. నిర్లక్ష్యమని నిందించడం తేలిక. నిందపడిన చోట ఆ రాత్రి ఎందరు విధుల్లో ఉన్నారో ముందు చూడవలసి ఉంది.

తెరవెనుక మరికొందరు

ప్రాణాలు కాపాడే జాబితాలో పేరు ఎక్కనివారు ఇంకా ఉన్నారు. 2015 ఆగస్టులో గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో చికిత్స పొందుతున్న పది రోజుల పసికందు ఎలుకల కాటుకు గురై మరణించిన ఘటన తెలుగునాట కలకలం రేపింది. వార్డు తుడిచే ఆయమ్మ, చెత్త తరలించే కార్మికుడు, కన్నాలు పూడ్చవలసిన గుత్తేదారు సైతం శిశువు సంరక్షణ బృందంలో భాగమేనని ఆ విషాదం తెలియజెప్పింది.

విద్యుత్తు, ఆక్సిజన్ పర్యవేక్షకుల సంగతీ అదే. 2021 జనవరి 9న మహారాష్ట్రలోని భండారా జిల్లా ఆసుపత్రి ప్రత్యేక కేంద్రంలో మంటలు రేగి 10 మంది శిశువులు మరణించారు. 2024 నవంబరు 15 రాత్రి ఉత్తరప్రదేశ్‌లోని ఝాన్సీ వైద్య కళాశాల ఆసుపత్రి నవజాత శిశు విభాగంలో జరిగిన అగ్నిప్రమాదం ఆ రాత్రే మరో 10 మందిని బలిగొంది. రెండుచోట్లా కొందరు బిడ్డలు బతికి బయటపడ్డారంటే, వారిని చేతులపై మోసుకుని బయటకు తెచ్చిన మనుషులుండబట్టే. రోజంతా ఆగకుండా నడిచే యంత్రాలు, ఆక్సిజన్ నిండిన గదిలో తీగలను తనిఖీ చేసే ఎలక్ట్రీషియన్, పాడైన వార్మరును వారాల తరబడి మూలన పడేయకుండా బాగుచేసే సాంకేతిక నిపుణుడు లేకపోతే వైద్యుడి నైపుణ్యం, నర్సు ఓర్పు రెండూ వృథా.

తల్లిని బయట నిలబెట్టరాదు

చాలాకాలం పాటు ఈ కేంద్రాల్లో తల్లికి ప్రవేశం లేదు. ఇన్‌ఫెక్షన్ తెస్తుందన్న భయంతో అద్దం అవతలే నిలబెట్టారు. ఆ అభిప్రాయం ఇప్పుడు మారింది. చర్మానికి చర్మం తగిలేలా బిడ్డను హత్తుకునే కంగారూ పద్ధతి 1978లో కొలంబియా రాజధాని బొగోటాలో ఇంక్యుబేటర్ల కొరత నుంచే పుట్టింది. బిడ్డ పరిస్థితి కుదుటపడ్డాకే దీన్ని మొదలుపెట్టాలని మొన్నమొన్నటి వరకు భావించేవారు. భారత్‌తో పాటు ఘనా, మలావి, నైజీరియా, టాంజానియాల్లో కిలో నుంచి 1.8 కిలోల లోపు బరువున్న 3,211 మంది శిశువులపై ప్రపంచ ఆరోగ్య సంస్థ జరిపించిన అధ్యయనం 2021లో వెలువడింది. పుట్టిన వెంటనే తల్లి గుండెలపై ఉంచిన బిడ్డల్లో 28 రోజుల లోపు మరణాలు 12 శాతం కాగా, పాత పద్ధతిలో చూసినవారిలో 15.7 శాతం. అంటే ప్రతి నాలుగు మరణాల్లో ఒకటి తగ్గింది. 2022లో ఆ సంస్థ తన సిఫారసులను మార్చుకుంది.

మన దేశంలోనూ తల్లిదండ్రులకు శిక్షణ ఇచ్చి బిడ్డ సంరక్షణలో భాగస్వాములను చేయాలని కేంద్రం 2017లో మార్గదర్శకాలు ఇచ్చింది. అయితే ఒక మెలిక ఉంది. తల్లి వచ్చింది కదా అని నర్సును తగ్గించరాదు. చేతులు ఎలా కడగాలో, గొట్టం కదలకుండా బిడ్డను ఎలా ఎత్తుకోవాలో, పాలు ఎలా పిండాలో, పెదవులు నీలిరంగుకు మారితే ఎవరిని పిలవాలో తల్లికి నేర్పేది నర్సే. తల్లి రాకతో నర్సు పని మారుతుంది, పోదు. తల్లి పక్కనే ఉండాలంటే ఆమెకూ మంచం, భోజనం, మరుగుదొడ్డి కావాలి. కాన్పు అయిన మూడో రోజు బాలింత వరండా నేలపై పడుకునే పరిస్థితి ఉంటే ఏ మార్గదర్శకమూ అమలు కాదు.

తల్లిపాలు చాలని బిడ్డల కోసం ఆసియాలోనే తొలి పాలబ్యాంకు 1989లో ముంబయిలోని సయన్ ఆసుపత్రిలో వెలసింది. హైదరాబాద్ నిలోఫర్ ఆసుపత్రిలో 2017లో ధాత్రి పాలబ్యాంకు ప్రారంభమైంది. డబ్బా పాల వైపు చూసే కుటుంబాన్ని ఒప్పించి, తల్లుల చేత పాలు దానం చేయించే పని కూడా చివరకు నర్సుల, కౌన్సెలర్ల మాటకారితనంపైనే నడుస్తుంది.

ఇల్లు చేరాక తీరని బాధ్యత

బిడ్డ బరువు పెరిగి డిశ్చార్జి అయిన రోజున ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. ప్రమాదం మాత్రం పూర్తిగా తొలగదు. ఆసుపత్రిలో కాన్పు జరిగితే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆశా కార్యకర్త ఇంటికి వెళ్లి బిడ్డను చూడాలన్నది 2011 నుంచి అమల్లో ఉన్న నియమం. గడ్చిరోలి పల్లెల్లో డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణి బంగ్ దంపతులు సాధారణ గ్రామీణ మహిళలకు శిక్షణ ఇచ్చి నవజాత శిశు మరణాలను గణనీయంగా తగ్గించవచ్చని 1999లో ప్రచురించిన అధ్యయనంలో నిరూపించారు. ఆ అనుభవమే ఈ నియమానికి పునాది. పాలు తాగడం తగ్గిందా, ఒళ్లు చల్లగా ఉందా, డొక్కలు ఎగరేస్తున్నదా అన్నది గమనించే ఆ చూపే గూడెంలో దొరికే ఏకైక అత్యవసర విభాగం.

మరొకటి కంటి పరీక్ష. రెండు కిలోల లోపు బరువుతో గానీ, 34 వారాల లోపు గానీ పుట్టిన బిడ్డకు నెల తిరగకముందే రెటీనా పరీక్ష జరగాలి. అంతకన్నా చిన్న బిడ్డలకు ఇంకా ముందే. సకాలంలో గుర్తిస్తే లేజర్ చికిత్సతో చూపు దక్కుతుంది. ఆలస్యమైతే జీవితాంతం చీకటే. డిశ్చార్జి కాగితంపై ఆ తేదీ వేసి, చదువురాని తల్లికి విడమరచి చెప్పి, ఆశా కార్యకర్తకు ఫోను చేసి గుర్తుచేసే ఒక్క నర్సు ఒక బిడ్డ చూపును నిలబెట్టగలదు.

శిక్షణ పొందినవారు ఎక్కడికి వెళుతున్నారు?

పసికందుల వార్డులో పని నేర్చుకోవడానికి నెలలు పడుతుంది. వెంట్రుకవాసి నరంలోకి సూది దించడం, బిడ్డ రంగు చూసి రాబోయే ముప్పును పసిగట్టడం పుస్తకంతో రావు. అలా చేయి తిరిగిన నర్సును బదిలీల్లో సాధారణ వార్డుకో, మరో ఆసుపత్రికో పంపితే కేంద్రం మళ్లీ మొదటికొస్తుంది. జాతీయ ఆరోగ్య మిషన్ కింద ఒప్పంద పద్ధతిలో చేరినవారు శాశ్వత ఉద్యోగం ఎక్కడ వస్తే అక్కడికి వెళ్లిపోతారు. వారిని తప్పుపట్టలేం. ఏటా కొనసాగింపు ఉత్తర్వు కోసం ఎదురుచూసే మనిషి భవిష్యత్తు చూసుకోవడం సహజం. నష్టపోయేది మాత్రం వార్మరు మీది బిడ్డ.

ఇందుకు పెద్ద పరిశోధనలు అక్కర్లేదు. శిక్షణ పొందిన నర్సులను నిర్ణీత కాలం వరకు ఆ విభాగం నుంచి కదపకుండా ఉత్తర్వు ఇవ్వవచ్చు. పడకలను బట్టి కాక, చేరుతున్న శిశువుల సంఖ్యను బట్టి పోస్టులు మంజూరు చేయవచ్చు. ప్రతి కేంద్రం గోడపై ఆ పూట విధుల్లో ఉన్న నర్సుల సంఖ్య, చికిత్స పొందుతున్న శిశువుల సంఖ్య పక్కపక్కన రాసిపెట్టవచ్చు. దాచవలసినదేమీ లేకపోతే సుద్దముక్క ఖర్చే అది.

జిల్లా పరిషత్ సర్వసభ్య సమావేశంలోనో, ఆసుపత్రి అభివృద్ధి కమిటీలోనో ఈ కేంద్రం ప్రస్తావన వచ్చినపుడు సభ్యులు సాధారణంగా అడిగేది కొత్త యంత్రాలు ఎప్పుడు వస్తాయని. అడగవలసిన ప్రశ్న వేరొకటి. నిన్న రాత్రి రెండు గంటలకు లోపల ఎందరు బిడ్డలున్నారు, ఎందరు నర్సులున్నారు? ఆ రెండు అంకెలను ప్రతి సమావేశంలోనూ చెప్పించుకోగలిగితే, వరండాలో కూర్చున్న అమ్మమ్మ ప్రశ్నకు జవాబు చెప్పేందుకు లోపల ఒక సిస్టరమ్మ మిగిలి ఉంటుంది.